ఈగల ప్రయోగం, అన్నయ్య మందు

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ జువాలజీ చివరి సంవత్సరం విద్యార్థినిని. కుంగుబాటుకు వాడే ఫ్లూఆక్సెటిన్ మందు డ్రోసోఫిలా ఈగలు జతకట్టడం మీద ఏ ప్రభావం చూపుతుందన్నది నా ప్రాజెక్టు. మా గైడు గారు తెప్పించిన 20 మిల్లీగ్రాముల క్యాప్సూల్ విప్పి, ఆ పొడిని 100 మిల్లీలీటర్ల మేతలో కలిపి, గుడ్డు దశ నుంచి ఈగలను అందులోనే పెంచాను. మందు తిన్న మగ ఈగల్లో చాలా కొద్ది మాత్రమే ఆడ ఈగలతో జతకట్టాయి. కొన్నయితే ఆడ ఈగ పక్కనుంచి పోతున్నా కదల్లేదు. ఇప్పుడు నా భయం ఈగల గురించి కాదు. ఇదే మందు మా అన్నయ్య కొన్ని నెలలుగా వాడుతున్నాడు. ఉద్యోగం మానేసి, గది తలుపు వేసుకుని కూర్చున్న మనిషి ఈ మందు మొదలుపెట్టాకే మళ్లీ పనిలోకి వెళ్లాడు. మాఘమాసంలో పెళ్లి. ఈగల సంగతి అమ్మకు చెప్పాను. ఆవిడ కంగారుపడి, ముహూర్తానికి ముందే మందు మాన్పించేద్దాం అంటోంది. పెళ్లికూతురి తరఫువాళ్లకు మందు విషయం తెలియదు. అన్నయ్యతో ఈ మాట నేనెలా ఎత్తాలి? అసలు ఎత్తాలా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: అమ్మా, మిగతాదంతా తర్వాత. ముందు ఈ ఒక్క పేరా మీ అమ్మగారికి చదివి వినిపించండి. డాక్టరుకు చెప్పకుండా మీ అన్నయ్య చేత ఆ మందు మాన్పించకండి. ఫ్లూఆక్సెటిన్ ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది. మింగడం ఆపేసినా ఆ మందూ, అది శరీరంలో మారి తయారయ్యే మరో పదార్థమూ కొన్ని వారాల పాటు నెత్తుట్లో ఉంటూనే ఉంటాయి. అందుకే మొదటి రోజుల్లో ఏ తేడా కనిపించదు. ‘చూశావా, మందు లేకపోయినా బాగానే ఉన్నాడు’ అని ఇంట్లోవాళ్లు ధైర్యం తెచ్చుకుంటారు. కుంగుబాటు తిరగబెట్టేది ఆ తర్వాత. మీరు చెప్పిన లెక్క ప్రకారం ఆ సమయం పెళ్లిపనుల నడుమనో, కొత్త కాపురం మొదటి వారాల్లోనో వచ్చి పడుతుంది. నిద్ర సరిగా ఉండదు, ఖర్చుల ఒత్తిడి ఉంటుంది, ఇంటినిండా చుట్టాలుంటారు. ఆ రోజుల్లో తిరగబెడితే పట్టించుకునేవాళ్లు కూడా ఉండరు. మొదటిసారి కుంగుబాటు వచ్చినవాళ్లకు కూడా, పూర్తిగా కోలుకున్నాక కనీసం 6 నెలలు మందు కొనసాగించాలన్నది వైద్యులు సాధారణంగా పాటించే నియమం. ఎప్పుడు తగ్గించాలి, ఎలా తగ్గించాలి అన్నది మందు రాసిన డాక్టరు చూసి చెప్పాల్సిందే. పెళ్లి తేదీని బట్టి తేల్చుకునేది కాదు.

ఇక మీ ఈగల దగ్గరికి వస్తాను. మీ భయం అక్కడ పుట్టింది కాబట్టి అక్కడే దాన్ని విప్పి చూడాలి. ఏళ్ల తరబడి విద్యార్థుల చేత ఈగలు లెక్కపెట్టించిన మనిషిగా ఈ భాగం కొంచెం విస్తరించే రాస్తాను.

ఇతర పాఠకుల కోసం ఒక మాట. డ్రోసోఫిలా మెలనోగాస్టర్ అంటే మాగిన అరటిపండు చుట్టూ ముసిరే 3 మిల్లీమీటర్ల లోపు చిన్న ఈగ. మామిడికాయలో పురుగు పట్టించే పండు ఈగ వేరు. 1910 ప్రాంతంలో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గాన్ దీని మీద చేసిన పనితోనే జన్యుశాస్త్రం ఒక దారికి వచ్చింది. 25 డిగ్రీల వెచ్చదనంలో గుడ్డు నుంచి రెక్కల ఈగ కావడానికి సుమారు 10 రోజులు చాలు. మనుషుల జబ్బులతో సంబంధమున్న జన్యువుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులకు ఈ ఈగలో పోలిక దొరుకుతుంది. రవ్వ, బెల్లం, అగర్, ఈస్ట్ కలిపి ఉడికించిన మేత పోస్తే ఏ కాలేజీ గదిలోనైనా బతుకుతుంది. మందుల ప్రభావం చూడటానికి ఇంత చవకైన, ఇంత తెలిసిన జీవి మరొకటి దొరకడం కష్టం. అందుచేత మీ గైడు గారు మంచి విషయమే ఇచ్చారు.

మగ ఈగ ఆడ ఈగను ఎలా ఒప్పిస్తుందో మీరు భూతద్దం కింద చూసే ఉంటారు. ముందు దాని వైపు తిరిగి నిలబడుతుంది. కదిలితే వెంటపడుతుంది. ముందుకాలితో దాని పొట్ట మీద తడుతుంది. ఆ కాలి రోమాలకు రుచి తెలుస్తుంది. తన జాతిదేనా, ఇదివరకే జతకట్టిందా అన్నది ఆ తాకిడితోనే పసిగడుతుంది. తర్వాత ఒక్క రెక్కనే పక్కకు చాపి వేగంగా ఆడిస్తుంది. అదే దాని పాట. సున్నితమైన మైకు పెట్టి వింటే, ఆ పాటలోని చప్పుడుకూ చప్పుడుకూ మధ్య సుమారు 35 మిల్లీసెకన్ల ఎడం ఉంటుంది. ఆ ఎడాన్ని బట్టి ఆడ ఈగ తన జాతి మగ ఈగను గుర్తిస్తుంది. నచ్చితే నడక నెమ్మదిస్తుంది. నచ్చకపోతే కాళ్లతో తన్నుతుంది, పరుగు తీస్తుంది; ఇదివరకే జతకట్టినదైతే గుడ్లు పెట్టే గొట్టాన్ని బయటికి చాచి మగ ఈగను తోసిపుచ్చుతుంది. ఒప్పుకుంటే జత 15 నుంచి 20 నిమిషాలు నిలుస్తుంది.

ఇన్ని మెట్లున్నాయి. ‘తక్కువగా జతకట్టాయి’ అన్న మీ లెక్కలో ఏ మెట్టు దగ్గర ఆగిందో లేదు. తిరిగి చూడనే లేదా? చూసి వెంటపడలేదా? వెంటపడి రెక్క చాపలేదా? రెక్క చాపినా ఆడ ఈగ ఒప్పుకోలేదా? చివరిదే అయితే లోపం కోరికలో ఉన్నట్టు కాదు, పాటలో ఉండవచ్చు. ఆడ ఈగకూ మందు మేతే పెట్టి ఉంటే, లోపం ఆడ ఈగదే అయినా కావచ్చు. మగ ఈగ ప్రయత్నంలో ఉన్న సమయం ఎంత, తొలిసారి రెక్క చాపడానికి ఎంతసేపు పట్టింది, జత ఎంతసేపు నిలిచింది అన్నవి విడివిడిగా రాసుకోవాలి. ఈ రంగంలో పనిచేసేవాళ్లు 10 నిమిషాల పరిశీలనలో మగ ఈగ ఎంత సమయం ఈ పనిలోనే గడిపిందో లెక్కగట్టి, ఆ నిష్పత్తితో ఒక ఈగను మరో ఈగతో పోలుస్తారు.

గుడ్డు దశ నుంచీ మందు మేతలో పెంచానన్నారు. అక్కడే నాకు పెద్ద అనుమానం వచ్చింది. ఫ్లూఆక్సెటిన్ కలిపిన మేతలో డింభకాల, అంటే గుడ్డు నుంచి వచ్చే పురుగుల, ఎదుగుదల మందగిస్తుందని ప్రయోగాల్లో కనబడింది. తిండి తగ్గిన డింభకం నుంచి చిన్న ఈగ వస్తుంది. చిన్న మగ ఈగ పెద్ద మగ ఈగతో పోలిస్తే జతకట్టడంలో వెనకబడుతుందన్నది 1980లలోనే బ్రిటన్‌లో లిండా పార్ట్రిడ్జ్ లాంటివాళ్లు నిరూపించిన విషయం. అంటే మీరు చూసిన తేడాకు, ఈ మందు పెంచే నాడీ రసాయనం సెరటోనిన్‌తో సంబంధమే లేకపోవచ్చు. చిన్నప్పుడు కడుపునిండా తినకపోవడమే కారణం కావచ్చు. మందు పొడి చేదుగా ఉంటే డింభకం తక్కువ తింటుంది. మేతలో నీలం తినుబండారాల రంగు కలిపి, రెండు గుంపుల పొట్టల్లోని నీలం పోల్చి చూస్తే ఈ సంగతి ఒక పూటలో తేలిపోతుంది. దానితోపాటు, గొట్టాన్ని బల్లకు తట్టి ఈగలు పైకి పాకే వేగం కూడా చూడండి. నడవడానికే ఓపిక లేని ఈగకు ఆడ ఈగ మీద ఆసక్తి తగ్గిందని మనం ఎలా అంటాం? పక్కనుంచి పోయినా కదల్లేదని మీరు రాసిన ఈగల గురించి నాకు ముందు కలిగిన సందేహం ఇదే.

ఇప్పుడు మోతాదు. ఇది మీ అమ్మగారికి కూడా అర్థమయ్యే లెక్క. 20 మిల్లీగ్రాముల మందు 100 మిల్లీలీటర్లలో కలిస్తే, మిల్లీలీటరుకు 0.2 మిల్లీగ్రాములు. ఎదిగిన ఈగ రోజుకు సుమారు ఒక మైక్రోలీటరు మేత తింటుందనుకుందాం. అంటే రోజుకు 0.2 మైక్రోగ్రాముల మందు. ఈగ బరువు సుమారు ఒక మిల్లీగ్రాము. కిలో బరువుకు లెక్కగడితే ఇది 200 మిల్లీగ్రాములు. మీ అన్నయ్య బరువు 60 కిలోలనుకుని, రోజుకు 20 మిల్లీగ్రాముల క్యాప్సూల్ ఒకటి మింగుతున్నాడనుకుంటే, కిలోకు మిల్లీగ్రాములో మూడో వంతు. మీ ఈగ తిన్నది మీ అన్నయ్య తింటున్నదానికి దాదాపు 600 రెట్లు! పురుగు జీర్ణవ్యవస్థ వేరు, అది మందును విరగ్గొట్టే తీరు వేరు కాబట్టి ఈ 600ను అక్షరాలా పట్టుకోకూడదు. అయినా, భూతద్దం కింద కదలకుండా కూర్చున్న ఆ ఈగను చూసి మీ అన్నయ్యను ఊహించుకోవడం ఎంత దూరపు ఊహో ఈ అంకె చెబుతుంది.

క్యాప్సూల్ పొడిలో మందు ఒక్కటే ఉండదు. పిండి లాంటి పూరక పదార్థాలుంటాయి. మీ రెండో గుంపు మేతలో వాటిని కలపకపోతే పోలిక చెల్లదు. మరో ప్రశ్న: మీరు వాడింది తెల్ల కళ్ల ఈగలా? మోర్గాన్ ప్రయోగం చూపించడానికి మన కాలేజీల్లో తెల్ల కళ్ల స్టాకు ఎప్పుడూ ఉంటుంది, చేతికందింది కదా అని ప్రాజెక్టులకూ అదే వాడేస్తారు. కళ్లను తెల్లబరిచే ఆ జన్యు మార్పు కళ్ల రంగుతో ఆగదు. ఆ ఈగల మెదడులో సెరటోనిన్, డోపమిన్ అనే మరో నాడీ రసాయనం మామూలు ఈగల కంటే తక్కువగా ఉంటాయని పరిశోధనల్లో వచ్చింది. సెరటోనిన్ మీద ప్రయోగానికి సెరటోనిన్ ముందే తగ్గిన ఈగను తీసుకోకూడదు. ఎర్ర కళ్ల కాంటన్-ఎస్ లేదా ఒరెగాన్-ఆర్ స్టాకు తెప్పించుకోండి. మైసూరు విశ్వవిద్యాలయంలో డ్రోసోఫిలా స్టాక్ సెంటర్ ఉంది, గైడు గారి చేత అడిగించండి.

ఇంతా చెప్పి, మీ ప్రశ్నే తప్పని అనడం లేదు. సెరటోనిన్‌కూ ఈగ జతకట్టడానికీ నిజంగానే గట్టి సంబంధం ఉంది. నాడీకణం వదిలిన సెరటోనిన్‌ను తిరిగి లోపలికి లాక్కునే ఒక ప్రొటీన్ ఉంటుంది. ఫ్లూఆక్సెటిన్ దానికి అడ్డుపడుతుంది, సెరటోనిన్ ఎక్కువసేపు బయటే నిలుస్తుంది. ఈగలోనూ ఇలాంటి ప్రొటీన్ ఉందని 1994లోనే తేలింది. మందు దానికీ అతుక్కుంటుంది, కాకపోతే మనిషి ప్రొటీన్‌కు అతుక్కున్నంత గట్టిగా కాదు. సెరటోనిన్‌ను అందుకునే గ్రాహకాలు ఈగలో అయిదు రకాలు. వాటిలో 5-హెచ్‌టీ7 అని పిలిచే గ్రాహకాన్ని మందుతో అడ్డుకుంటే మగ ఈగ ప్రయత్నమూ తగ్గింది, ఆడ ఈగ ఒప్పుకోవడమూ తగ్గింది. 2011లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో చార్లెస్ నికొల్స్ బృందం ప్రచురించిన ఫలితమిది.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఈగ పొట్టకు నాడులు పంపే చివరి ముడిలోని సంగతి. అక్కడ మగ ఈగల్లో మాత్రమే కనిపించే కొన్ని సెరటోనిన్ కణాలున్నాయి. మగతనాన్ని నిర్ణయించే ‘ఫ్రూట్‌లెస్’ అనే జన్యువు పనిచేస్తేనే అవి ఏర్పడతాయి. వాటి తీగలు నేరుగా వీర్యం తయారయ్యే, నిల్వ ఉండే అవయవాలకు వెళతాయి. 2012లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో డేవిడ్ ఆండర్సన్ బృందం ఈ దారిని ఇంకా విప్పింది. కొరజోనిన్ అనే చిన్న నాడీ ప్రొటీన్‌ను వదిలే కణాలు ఈ సెరటోనిన్ కణాలకు ఆజ్ఞ ఇస్తాయి, అప్పుడు వీర్యం విడుదలవుతుంది. ఆ కణాల నోరు నొక్కేస్తే వీర్యం బదిలీ కాదు, జత మామూలు కంటే చాలాసేపు విడిపోదు. వాటిని కృత్రిమంగా రేపితే, పక్కన ఆడ ఈగ లేకపోయినా వీర్యం బయటికి వస్తుంది!

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి గమనించండి. ఈగలో సెరటోనిన్ కణాలు రేగితే వీర్యం విడుదలవుతుంది. మనిషిలో ఫ్లూఆక్సెటిన్ లాంటి మందుతో సెరటోనిన్ పెరిగితే వీర్యస్ఖలనం ఆలస్యమవుతుంది. రసాయనం ఒకటే, పని జరిగే చోటూ ఒకలాంటిదే, ఫలితం మాత్రం ఎదురు దిక్కు. పోట్లాటలోనూ అంతే. సెరటోనిన్ తయారీకి కావలసిన ముడిపదార్థం మేతలో కలిపి పెడితే మగ ఈగలు మరింత కొట్లాడుకుంటాయని 2007లో డీరిక్, గ్రీన్‌స్పాన్ చూపించారు. ఎలుకల్లో, మనుషుల్లో సెరటోనిన్ పెరగడం సాధారణంగా దూకుడును తగ్గించే వైపు ఉంటుంది. కాబట్టి ఈగలో మందు ఒక తీరుగా పనిచేసిందని, మనిషిలోనూ అదే తీరుగా పనిచేస్తుందని అనుకోవడానికి వీల్లేదు. ఈగ చెప్పగలిగేది ఏ తీగ ఏ అవయవానికి వెళుతుందన్నది, ఏ జన్యువు తీసేస్తే ఏ మెట్టు తెగుతుందన్నది. అది చాలా గొప్ప విషయం. పెళ్లి ముంగిట ఉన్న ఒక యువకుడి దాంపత్యం గురించి జోస్యం చెప్పడం దాని పని కాదు.

ఇంకొకటి. మీ ఈగలు ఆరోగ్యంగా ఉన్న ఈగలు. వాటికి ఏ కుంగుబాటూ లేదు. మీరు పోల్చింది మందు తిన్న ఆరోగ్యవంతులనూ మందు తినని ఆరోగ్యవంతులనూ. మీ అన్నయ్య సంగతి తేలాలంటే పోల్చాల్సింది మందు వాడుతున్న అతన్ని, మందు లేకుండా గది తలుపు వేసుకుని కూర్చున్న అతనితో. కుంగుబాటే కోరికను చంపేస్తుంది. తిండి మీద, మనుషుల మీద, స్నానం మీద ఆసక్తి పోయిన మనిషికి దాంపత్యం మీద మాత్రం ఉంటుందా? మందు వల్ల మనసు తేలికపడి ఆసక్తి తిరిగి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. ఈగల్లోనూ కుంగుబాటు లాంటి స్థితి తెప్పించే పద్ధతులున్నాయి. 2017లో జర్మనీలోని మైన్జ్ శాస్త్రజ్ఞులు ఈగలను రోజుల తరబడి సెకనుకు 300 సార్లు కంపించే వేదిక మీద తప్పించుకోలేని విధంగా ఉంచారు. తర్వాత అవి తమంతట తాము కదలడం తగ్గించేశాయి, దాటగలిగిన అడ్డంకినీ దాటే ప్రయత్నం మానేశాయి. లిథియం ఇస్తే చాలావరకు తేరుకున్నాయి. మీరు పీహెచ్‌డీకి వెళితే చేయవలసిన ప్రయోగం ఆ దారిలో ఉంది: ముందు ఒత్తిడి, తర్వాత మందు, అప్పుడు జతకట్టడం.

మనుషుల సంగతి మనుషుల నుంచే తెలుసుకోవాలి, తెలిసింది కూడా. ఫ్లూఆక్సెటిన్ కోవ మందులు వాడేవాళ్లలో కోరిక తగ్గడం, స్ఖలనం ఆలస్యం కావడం, భావప్రాప్తి కలగకపోవడం సాధారణంగా కనిపించే దుష్ప్రభావాలు. ఈ మాట దాచకూడదు. 1997లో స్పెయిన్ వైద్యులు 344 మంది రోగుల మీద చేసిన అధ్యయనం నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. తమంతట తాము ఈ ఇబ్బంది చెప్పుకున్నవాళ్లు 14 శాతం. డాక్టరు సూటిగా అడిగితే అవునన్నవాళ్లు 58 శాతం. మధ్యలో ఉన్న ఆ 44 శాతం మంది అడిగితే తప్ప నోరు విప్పరు. వాళ్లలో ఎంతమంది ‘నాలో మగతనం పోయింది’ అని లోలోపల నలిగి, ఎవరికీ చెప్పకుండా మందు ఆపేసి ఉంటారో ఆలోచించండి. మన దగ్గర డాక్టరు గదిలో రోగి వెంట అమ్మో నాన్నో కూర్చునే ఉంటారు, అక్కడ ఈ ప్రశ్న డాక్టరూ అడగరు, రోగీ చెప్పడు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం.

అడిగితే దారులున్నాయి. మందు మొదలుపెట్టిన కొన్ని నెలలకు కొందరిలో ఇబ్బంది దానంతట అదే తగ్గుతుంది. కొందరికి మోతాదు తగ్గిస్తే సరిపోతుంది. బుప్రొపియాన్, మిర్టజపిన్ లాంటి మందుల్లో ఈ ఇబ్బంది తక్కువ. డాక్టరు వాటికి మార్చవచ్చు. కొద్దిమందిలో మందు ఆపాక కూడా ఇబ్బంది కొనసాగిందన్న నివేదికలు వచ్చాయి. 2019లో ఐరోపా ఔషధ సంస్థ ఆ హెచ్చరికను మందుతో వచ్చే పత్రంలో చేర్చమంది. అందుకే ఇబ్బంది ఉంటే నాన్చకుండా తొలినాళ్లలోనే చెప్పాలి. అసలు ఏ ఇబ్బందీ లేనివాళ్లూ చాలామంది ఉన్నారు, మీ అన్నయ్య వాళ్లలో ఒకడు కావచ్చు. ఈ కోవకే చెందిన డపాక్సెటిన్‌ను శీఘ్రస్ఖలనానికి చికిత్సగా రాస్తారన్నది కూడా మీ అమ్మగారికి చెప్పండి. ఆవిడ ఊహించుకున్నంత భయంకరమైన మందు కాదని అర్థమవుతుంది. రైలు కట్టల పక్క గోడల మీద రాసే ‘శక్తి’ మందుల జోలికి మాత్రం అతన్ని పోనివ్వకండి.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్న. చెల్లెలు అన్నయ్యతో పడకగది మాటలు మాట్లాడే ఇళ్లు మనవి కావు, మాట్లాడనవసరమూ లేదు. ఒక్క మాట చాలు: ‘అన్నయ్యా, ఈ మందుకు పెళ్లయినవాళ్లకు ఇబ్బంది కలిగించే దుష్ప్రభావాలు కొన్ని ఉంటాయని చదివాను. వాటికి విరుగుడూ ఉందట. ఈసారి డాక్టరు దగ్గరికి ఒక్కడివే వెళ్లి అడుగు.’ ఇంతే చెప్పి లేచి వెళ్లండి. జవాబు అడగకండి. ఈగల సంగతి ఎత్తకండి. కోలుకుంటున్న మనిషి బుర్రలో కదలని ఈగ బొమ్మ ఒకటి పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. పెళ్లి మొదటి రోజుల్లో సహజంగా ఉండే బెరుకును కూడా అతను ఆ బొమ్మ ఖాతాలో వేసుకుంటాడు. డాక్టరు దూరంగా ఉంటే, మాట్లాడటానికి జంకితే, 14416 నంబరుకు ఫోను చేయమనండి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

పెళ్లికూతురికి చెప్పాలా అంటే, చెప్పాలి. పెళ్లికి ముందే చెప్పాలి. చెప్పాల్సింది మీరు కాదు, మీ అమ్మగారు కాదు, మీ అన్నయ్యే. ‘మధ్యలో ఒంట్లో, మనసులో బాగోక కుంగిపోయాను, మందు వాడుతున్నాను, ఇప్పుడు బాగున్నాను, ఇంకొన్నాళ్లు వాడాలి’ అని అతను ఆ అమ్మాయితో నేరుగా చెప్పగలిగితే ఆమె తన నిర్ణయం తాను తీసుకుంటుంది. ఆ హక్కు ఆమెది. సంబంధం చెడిపోతుందేమోనని మీ అమ్మగారు భయపడటం సహజం. చెప్పకపోతే జరిగేది ఇంకా కష్టం: పెళ్లయ్యాక అతను మాత్రల పట్టీ బీరువాలో బట్టల కింద దాచుకోవాలి, భార్య చూడని వేళ మింగాలి, ఒకరోజు కుదిరి ఒకరోజు కుదరక మందు తప్పాలి. ఏదైనా ఇబ్బంది కలిగితే ఆ అమ్మాయి ‘నేనంటే ఇష్టం లేదు’ అనుకుంటుంది. తెలిసి ఉంటే, ‘మందు వల్లనేమో, డాక్టరును అడుగుదాం’ అనుకుంటుంది. ఈ రెండు కాపురాల్లో ఏది మేలో మీ అమ్మగారినే అడగండి. అతను చెప్పడానికి ఒప్పుకోకపోతే మీరు చాటుగా చెప్పకండి. అతని నమ్మకం పోతే రేపు మళ్లీ కుంగిపోయిన రోజున ఇంట్లో చెప్పుకోవడానికి మనిషి ఉండదు. ఒప్పించే ప్రయత్నం మాత్రం మానకండి.

మీ ప్రాజెక్టుకు మరో వైపు నుంచి నిజమైన విలువ ఉంది, అది చెప్పకుండా ఉండలేను. కుంగుబాటు మందులు ఎవరూ రాసి ఇవ్వకుండానే తాగుతున్న జీవులున్నాయి. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరులో మందుల పరిశ్రమల వ్యర్థజలాన్ని శుద్ధి చేసి వదిలే చోట నీటిని పరీక్షించి ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. అదే పట్టికలో సిటలోప్రామ్ కూడా ఉంది, లీటరుకు 700 మైక్రోగ్రాములకు పైనే. అది మీ ఫ్లూఆక్సెటిన్ కోవకే చెందిన కుంగుబాటు మందు. ఆ నీళ్లలో గుడ్లు పెట్టే దోమలు, తూనీగలు, చేపలు, కప్పలు తమ పుట్టుక నుంచీ ఆ మందులోనే పెరుగుతాయి. మీరు గుడ్డు దశ నుంచి మందు మేతలో ఈగలను పెంచిన పద్ధతి మీ అన్నయ్య ప్రశ్నకు పనికిరాదు. ఈ ప్రశ్నకు సరిగ్గా సరిపోతుంది. మోతాదు తగ్గించి, అంచెలంచెలుగా మార్చి, గుడ్ల సంఖ్య, పిల్లల సంఖ్య కూడా లెక్కపెడితే మన ప్రాంతానికి అక్కరకొచ్చే పని అవుతుంది.

గడువు లోపల చేయగలిగింది చెబుతాను. ఈగలను మామూలు మేతలో పెంచండి. బయటికి వచ్చిన 8 గంటల లోపే ఆడ, మగ ఈగలను వేరు చేయండి, లేదంటే ఆడ ఈగలు మీకు తెలియకుండానే జతకట్టేస్తాయి. మగ ఈగలకు మాత్రమే నాలుగు రోజులు మందు మేత పెట్టండి. శుద్ధమైన మందు దొరక్కపోతే రెండో గుంపుకు పూరక పిండి కలపండి. మేత ఉడుకు తగ్గాకే మందు కలపండి. ఈథర్ మత్తు నుంచి లేచిన ఈగలను ఆ రోజే పరిశీలనకు పెట్టకండి. మత్తు లేకుండా నోటితో పీల్చే గొట్టంతో ఒక్కొక్కటిగా బదిలీ చేయండి. పొద్దున దీపాలు వెలిగిన తొలి గంటల్లోనే చూడండి. ఏ గొట్టంలో ఏ మేత తిన్న ఈగ ఉందో చూసేవాళ్లకు తెలియకుండా చీటీలు మరొకరి చేత అంటించండి. జత ఎంతసేపు నిలిచింది, తర్వాత పిల్లలు పుట్టాయా లేదా అన్నది తప్పకుండా రాయండి. ఆ కొరజోనిన్ దారి మీద మందు పనిచేస్తుంటే జాడ అక్కడే దొరుకుతుంది. మీ పాత ఫలితాలను పారేయకండి. గుడ్డు దశ నుంచి మందు తిన్న ఈగలుగా వాటికి ప్రత్యేక పట్టిక వేసి, మోతాదు స్పష్టంగా రాసి, రిపోర్టులో పెట్టండి. చివర్లో ‘మనుషుల్లోనూ ఇలాగే జరుగుతుంది’ అన్న వాక్యం గైడు గారు రాయమన్నా రాయకండి.